పరమాణు కంపనముల గణన

గోదావరీ సీమయందలి ముక్కామలలో 1887వ సంవత్సరమున జన్మించిన అప్పదవేదుల లక్ష్మీనారాయణగారు విజయనగరము మహారాజావారి కళాశాలలో భౌతికశాస్త్ర పరిశోధనలు గావించిరి. తరువాత 1937 మొదలు 1946 వరకు కోడైకెనాలు సౌరవేధశాల కధిపతులైరి. 1924లో రంగధామరావుగారు మొదలగువారితో గూడి, థాలియపు ఆవిరి కాంతిని గ్రహించు విధమును వారు వర్ణించిరి. నాటి సాధనములు పట్టకమును ఛాయాచిత్రపు పలకయును. పలకపై బడిన గీతల తావులను గొలిచి తరంగదైర్ఘ్యములను నిర్ణయించెడివారు.

ఒకే గీతగా దోచునది కొన్నియెడల సన్నని గీతల గుంపని 1891లోనే మైకెల్సను చూపియుండెను. అందులకు కేంద్రకము కారణమని 1924లో పౌలీ సూచించెను. కేంద్రకమును ఎలక్ట్రానును రెండు చిన్న అయస్కాంతముల వంటివి. అవి యొకే దిక్కునకు దిరిగియున్నపుడు పరమాణువున కొక శక్తి, ఎదురుదిక్కులకు దిరిగియున్నపుడు వేరొక శక్తి. ఈ రెంటి అంతరమే అతిసూక్ష్మ భేదము.

అయితే పరమాణువుల పరుగులచేత గీతలు వెడల్పగును గనుక పలకపై నీ భేదము స్పష్టపడదు. కావున, దానికి సరిపడు రేడియో కంపనమునే నేరుగా లెక్కించు మార్గమును శాస్త్రజ్ఞులు వెదకిరి. 1960లో హార్వర్డు విశ్వవిద్యాలయమున గోల్డెన్‌బర్గు, క్లెప్నరు, రామ్సే యనువారు ఉదజని మేసరును నిర్మించిరి. ఇందు అధికశక్తిగల పరమాణువులను అయస్కాంతముచే నేరి, లోపల బూత బూసిన గాజుబుడ్డిలోనికి పంపుదురు. అవి గోడలను వేలసారులు తాకియు స్థితిదప్పక, ఇంచుమించు ఒక సెకను నిలిచి, తమ శక్తిని ఒకే లయతో తరంగములుగా విడుచును. పరిశీలించు కాలము పెరిగినకొలది కంపనసంఖ్య నిశితముగా దెలియును. ఇట్లు తేలిన సంఖ్య సెకనుకు 142 కోట్ల 4 లక్షల 5 వేల 751. అటుపై దశాంశములును నిర్ణయమైనవి. గోడల తాకిడివలన గలుగు స్వల్పదోషమును, వేర్వేరు పరిమాణముల బుడ్డులతో గొలిచి తీసివేయుదురు.

ఇది పండితుల వినోదము మాత్రము గాదు. 1967లో సీజియపు అతిసూక్ష్మ కంపనములు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 గూడిన కాలమే సెకనుగా నిర్ణయింపబడెను. ఉపగ్రహ సంకేతములచే తావు నెరుగుటయందు, సెకనులో పదిలక్షలవ వంతు తప్పిన, దూరము 300 మీటర్లు తప్పును. అంతర్వేది కడ రాత్రివేళ మొగ జేరవలసిన పడవకు అది ప్రాణాపాయమే. మన తొలి దిక్సూచక ఉపగ్రహమునందు విదేశీ రుబిడియపు గడియారములు మూడును చెడిపోగా, అది ఆ పనికి కొరగాకపోయెను. 2023 మే 29న శ్రీహరికోటనుండి యెగిరిన ఉపగ్రహమున స్వదేశనిర్మితమైన రుబిడియపు గడియారము నమర్చిరి. దానికిని ఆధారము, నాడు పలకపై మసకగా నగపడిన యా భేదమే.