విధేయమైన బలము: స్టీరింగు పంపు పుట్టుపూర్వోత్తరములు

మాఘశుద్ధ దశమిరాత్రి కల్యాణము ముగిసి, మఱునాడు భీష్మైకాదశినాడు అంతర్వేది లక్ష్మీనృసింహస్వామివారి రథము కదలునప్పుడు, కోనసీమ నలుమూలలనుండియు, వశిష్ఠానదికి ఆవలియొడ్డుననున్న నరసాపురపు ప్రాంతమునుండియు వచ్చి చేరిన జనసందోహము మోకులు పట్టి లాగుచుండగా, బలమునకు కొఱత యనుమాట యుండదు. కొఱత యెక్కడనైన కలుగవలెనన్న అది రథమును మరలించుటయందే. పూర్వపుపద్ధతిని కట్టిన పెద్దరథములకు ముందుచక్రములు ప్రక్కకు తిరుగవు గనుక, వీథి యే కొంచెము వంపు తిరిగినను, చక్రముల ప్రక్కన నడచు కొందఱు అనుభవజ్ఞులు సమయమెఱిగి కఱ్ఱదిమ్మలను క్రింద నొడ్డి, ఒకవైపు నిలిపి, వేఱొకవైపు సాగనిచ్చి, ఆ మహాభారమును మెల్లమెల్లగా దారికి తెత్తురు. 2020 సెప్టెంబరులో అంతర్వేది పాతరథము దగ్ధమై, 2021 ఫిబ్రవరిలో నూతనరథము వీథులకు వచ్చిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. రథము క్రొత్తదైనను సమస్య మాత్రము రథములు పుట్టిననాటిదే.

వేలమంది లాగుడును, నలుగురి దిమ్మల నేర్పును ఒక్క యంత్రమునందు పొందుపఱచుటకు జరిగిన ప్రయత్నమే నేడు మోటారుబండ్లలో పవర్ స్టీరింగు అనబడు సాధనముయొక్క చరిత్ర. దానిని గూర్చి వ్రాయువారు సాధారణముగా బలమును గూర్చియే వ్రాయుదురు: ఇన్ని పౌనుల ఒత్తిడి, ఇంత తేలికగా తిరుగు చక్రము, అని. బలము మానవునకు మొదటనే చిక్కినది. ఆ బలము చెప్పినంతమాత్రము చేసి, చెప్పినచోట ఆగునట్లు శిక్షించుటకే నూటయేబదియేండ్లు పట్టినది. పాతజీపునకు పంపు మార్పింపబూనువారును ఈ భేదము నెఱుగక, పంపు ఎంత గట్టిదైన నంత మేలనుకొని ధనవ్యయము చేసికొనుట నేటికిని కనబడుచున్నది.

చక్రము తిరుగు విధానమును గూర్చి ముందుగా రెండుమాటలు చాలును. 1816 ప్రాంతమున మ్యూనిక్ నగరమున గుఱ్ఱపుబండ్లు కట్టు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అను శిల్పి, ఇరుసంతయు తిరుగుటకు మాఱుగా ఒక్కొక్క ముందుచక్రము తన మేకుపై తాను తిరుగునట్లు కల్పించెను. 1818లో అతని పక్షమున లండనులో పేటెంటు పుచ్చుకొన్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. నేటికిని ఆ యమరిక ఆకర్‌మన్ పేరనే చెల్లుచున్నది. కల్పించినవాడు కాగితము పుచ్చుకొన్నవాని చాటున పడిపోవుట శాస్త్రచరిత్రలో క్రొత్తగాదు.

ఇక బలము. మూసియున్న ద్రవమునందు ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకు సమముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమునందే పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రము నాధారముగా గొని 1795లో జోసెఫ్ బ్రామా నీటి ప్రెస్సును నిర్మించెను. కాని ప్రెస్సు బలము మొండిబలము: త్రొక్కుమన్న త్రొక్కును, ఎంతవఱకో దానికి తెలియదు. 1900లో పిట్స్‌బర్గు వాసియైన రాబర్టు ట్వైఫోర్డు ఇంజను బలముతోనే ముందుచక్రములను త్రిప్పు పండ్లచక్రముల యమరికకు పేటెంటు పొందెను. 1903లో కొలంబియా అను పెద్దలారీకి విద్యున్మోటారుతో ఇట్టి సహాయము నేర్పఱచిరి. ఇవి రెండును దారి చూపినవే గాని వంశము నిలుపలేదు.

వంశము నిలిపినది ఓడ. 1858లో నీటిలోనికి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఆ కాలమున ప్రపంచములో సాటిలేని నౌక. దాని పొడవు 692 అడుగులు. 1866లో అట్లాంటికు సముద్రగర్భమున తంతితీగను పఱచినదియు, 1870లో మన బొంబాయినుండి ఏడెనుకు తీగ వేసినదియు ఆ యోడయే. అంతర్వేది పల్లిపాలెపు పడవ సరంగు ఒంటిచేతితో త్రిప్పు చుక్కాని వంటిది కాదు దాని చుక్కాని; పెనుగాలిలో దానిని నిలుపుటకు పలువురు నావికులు చక్రమునకు వ్రేలాడవలసియుండెను. ఆవిరియంత్రమును తెచ్చి చుక్కానికి తగిలించుట కష్టముకాదు. చక్రము కొంచెము త్రిప్పినంతనే ఆవిరి లోనికి బోయి, చుక్కాని ఈ కొననుండి ఆ కొనవఱకు విసురుగా పోయి కొట్టుకొనిన ఓడ గతి యేమి? 1866 ప్రాంతమున జాన్ మాక్‌ఫార్లేన్ గ్రే అను ఇంజనీరు దీనికి కనిపెట్టిన ఉపాయము మిక్కిలి సూక్ష్మమైనది. నావికుడు చక్రమును త్రిప్పగా ఆవిరితలుపు తెఱచుకొనును. అంతట చుక్కాని కదలును. కదలిన చుక్కానియే, మధ్యనున్న మీటలద్వారా, ఆ తలుపును మరల మూసివేయును. నావికుడు ఇంకను త్రిప్పిన మరల తెఱచుకొనును, ఆపిన ఆగును. అనగా యంత్రము తాను చేసిన పనిని తానే కొలిచికొని, చాలినంతనే తన్ను తాను నిలుపుకొనుచున్నది. ఫ్రాన్సులో జోసెఫ్ ఫార్కో ఇట్టి యంత్రములను స్వతంత్రముగా రూపొందించి, 1873లో వానిపై ఒక గ్రంథమునే వెలువరించెను. నా యభిప్రాయమున నేటి జీపు స్టీరింగునకు అసలు జన్మస్థలము మోటారు కార్ఖానా కాదు. ఆ యోడ చుక్కానిగది.

ఓడనుండి బండికి దిగుటకు మఱి అఱువదియేండ్లు పట్టినవి. పియర్స్-యారో మోటారు సంస్థవారి లారీలశాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్, బరువైన లారీల చక్రముతో పెనుగులాడు చోదకుల పాట్లు కన్నులార చూచినవాడు. 1922లో ఉద్యోగము విడిచి, మసాచుసెట్సు రాష్ట్రమందలి వాల్థమ్‌లో ఒక చిన్న కర్మశాలను తీసికొని, జార్జి జెస్సప్ అను పనిమంతుని తోడుగా నుంచుకొనెను. అంతకుముందు నూనెతో నడచు యంత్రములలో సాధారణపద్ధతి యిది: ఎల్లప్పుడును ఒత్తిడిని కూడబెట్టి, తలుపులు బిగించి, అవసరమైనప్పుడు తెఱచుట. అట్టి ఒత్తిడికి నూనె సందు చూచుకొని కారుచునేయుండును. పంపు వ్యర్థముగా శ్రమించుచునేయుండును. డేవిసు ఆలోచనను తలక్రిందు చేసెను. తలుపులన్నియు తెఱచియే యుంచి, నూనెను ఒత్తిడి లేకుండ ఊరక తిరుగనిచ్చి, చోదకుడు చక్రమును త్రిప్పినప్పుడు మాత్రమే ఒకవైపు దారి యించుక నొక్కబడునట్లు చేసెను. ఎంత నొక్కిన నంత ఒత్తిడి, విడిచిన శూన్యము. చక్రము తిరుగగనే, గ్రే చుక్కానియందువలెనే, తలుపు తన యథాస్థానమునకు వచ్చును.

పియర్స్-యారో కారునకు ఈ యమరికను తగిలించి, 1926లో డిట్రాయిటునకు తీసికొనిపోయి డేవిసు ప్రదర్శించెను. జనరల్ మోటార్సువారు ఒడంబడిక చేసికొనిరి. ఇంతలో ఆర్థికమాంద్యము వచ్చిపడగా ఆ తలంపును అటకకెక్కించిరి. దానిని క్రిందికి దింపినది యుద్ధము: రెండవ ప్రపంచసంగ్రామమున స్టాగ్‌హౌండు వంటి కవచశకటములకు పవర్ స్టీరింగు సమకూర్పబడెను. యుద్ధానంతరము 1951లో క్రైస్లర్‌వారు, డేవిసు పేటెంట్లలో గడువు తీఱినవాని నాధారముగా గొని, ఇంపీరియల్ కారునందు దీనిని తొలుత అంగడికి తెచ్చిరి. మఱుసటియేడే జనరల్ మోటార్సువారు డేవిసుతో పాత ఒడంబడిక ప్రకారము కాడిలాకు కారులో ప్రవేశపెట్టిరి. పాతికేండ్లు ఊరకుండి, పోటీదారుడు కదలినపిమ్మట పండ్రెండునెలలలో పరుగెత్తిన ఈ ఉదంతము వ్యాపారనీతికి చక్కని ఉదాహరణము.

పంపును గూర్చి చెప్పక తీఱదు. 1920 దశకమున హారీ వికర్సు రూపొందించిన సమతుల్య రెక్కలపంపే నేటి స్టీరింగు పంపులకు మూలము. పాతపంపు నొకదానిని విప్పి బల్లపై పఱచి చూచిన దాని చమత్కారము తెలియును. నడుమ గుండ్రని రోటరు. దాని యంచున సన్నని గాడులు. ఒక్కొక్క గాడిలో వ్రేలిగోరంత ఉక్కు రెక్క, సామాన్యముగా పది. చుట్టును లోపలివైపు కోడిగ్రుడ్డు ఆకారమున చెక్కిన ఉంగరము. రోటరు తిరుగగా రెక్కలు వెలికి వచ్చి ఉంగరమును రాచుకొనుచు, వెడల్పుచోట నూనెను గ్రహించి, ఇఱుకుచోట వెలిబుచ్చును. ఒక్క చుట్టులో రెండుమాఱులు. ఒత్తిడిగల చోట్లు రెండును ఎదురెదురుగా నుండుటచే ఇరుసుపై భారము తనంత తానే తీఱిపోవును. పంపు అలసినది లేనిది ఆ ఉంగరమే చెప్పును: లోపలియంచుపై గోరు నడిపినప్పుడు అలలవలె గీతలు తగిలిన, సీలు మార్చి ప్రయోజనము లేదు.

ఇంజను వేగము హెచ్చినకొలది పంపు హెచ్చు నూనెను తోడును; చోదకునకు కావలసినది దానికి విపర్యయము, వేగమున తక్కువ, నిలుకడలో ఎక్కువ. ఆ మిగులును వెనుకకు మరలించుటకు పంపుననే ఒక చిన్న కవాటము కలదు. చెఱువునకు కళింగ యెట్టిదో పంపునకు అది యట్టిది. ఒత్తిడి చదరపంగుళమునకు వేయి, పదునేనువందల పౌనుల కెక్కినప్పుడు నూనెను విడిచిపెట్టు రక్షకకవాటము మఱియొకటి. చక్రమును కొసవఱకు త్రిప్పి బిగబట్టినప్పుడు వినబడు బుసబుసధ్వని దానిదే. అట్లు కొన్ని క్షణములకు మించి పట్టియుంచిన నూనె మాడును.

మనదేశపు జీపుల సంగతి. 1945లో స్థాపితమై, 1947నుండి విల్లిస్ జీపులను కూర్చనారంభించిన మహీంద్రావారి పాతబండ్లలో స్టీరింగు కేవలము చోదకుని భుజబలముపై నడచునదే. తేలికైన పెట్రోలు ఇంజను ఉన్నంతకాలము అది సహ్యముగానే యుండెను. తరువాత ప్యూజో నమూనా డీజిలు ఇంజను వచ్చి ముందుఇరుసుపై బరువు పెరిగినది. అది చాలదన్నట్లు యజమానులు వెడల్పు టైర్లు తగిలించిరి. 1980 దశకమున పూనాలో జడ్.ఎఫ్. వారును, మద్రాసులో రానేవారును పవర్ స్టీరింగు తయారీకి పూనుకొనగా, 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చునాటికి పంపులును స్టీరింగు బాక్సులును పాతసామానుల అంగళ్లలో సైతము లభింపసాగినవి. పాతజీపులకు వానిని అమర్చుట అప్పటినుండి మేస్త్రీల కొక ప్రత్యేకవిద్య యైనది.

అంతర్వేదివంటి తావున ఆ విద్యకు పరీక్ష కఠినము. సఖినేటిపల్లి రేవున జీపును పంటుపై కెక్కించు చోదకుని గమనింపుడు: ఇంజను మందగతిని నడచుచుండును, బండి అడుగులో అడుగువేయుచుండును, చక్రము ఈ కొసనుండి ఆ కొసకు తిరుగవలెను. పంపు అతితక్కువ నూనె నిచ్చు క్షణమును, చక్రము అత్యధిక సహాయము కోరు క్షణమును ఒక్కటియే. వశిష్ఠ కడలిని గలియు అన్నాచెల్లెళ్ల గట్టు దాపున ఇసుకలో దిగబడిన టైర్లను మరలించునప్పుడును ఇంతే. ఇట్టిచోట అక్కఱకు వచ్చునది హెచ్చు ఒత్తిడి కాదు, తక్కువ వేగమున చాలినంత ప్రవాహము. అందులకు ఒక్కొక్కప్పుడు పంపును మార్చక దానిని త్రిప్పు కప్పీని చిన్నది చేసినను చాలును. మఱియు పంపు బాక్సునకు తగినది కావలెను. ఒకబండి పంపును వేఱొకబండి బాక్సునకు ముడివేసి, స్టీరింగు తూలుచున్నదని బాక్సును నిందించుట న్యాయముకాదు. బలము పెరిగిన భారమంతయు బాక్సును బిగించిన చాసీపై పడును. పాతజీపులలో ఆ బోల్టుల చుట్టు ఇనుము చీలుట తఱచు, గనుక పట్టీ వేసి బలపఱుపక పంపు నమర్చుట సాహసము.

ఉప్పుగాలి చేయు చేటు వేఱు. పంపు లోపల నూనెలో మునిగి సురక్షితముగానే యుండును. వెలుపలి ఒత్తిడిగొట్టమే, హోసు ఇనుపగొట్టముతో కలియు అతుకుచోట, మొదట త్రుప్పుపట్టి చెమర్చును. నూనె తగ్గి గాలి జొరబడిన పంపు ఏడ్పువంటి కూత పెట్టును. నూనెడబ్బా మూత తీసిన ఎఱ్ఱని నూనె లేతగులాబిరంగు నురుగై కనబడును. మేస్త్రీలు దీనినే గాలి పట్టినదందురు. పంపు మంచిదైయుండియు కూతనుబట్టి దానిని పాఱవేసినవారు పెక్కుమంది. నిజముగా మార్పవలసివచ్చినచో కప్పీని సుత్తితో మోది యూడదీయరాదు, పుల్లరుతో లాగవలెను. పాతనూనెను పూర్తిగా వెడలగొట్టవలెను, ఏలయన పాతపంపు అరుగుదలలో రాలిన ఉక్కుపొడి అందే యుండి క్రొత్తపంపును తినివేయును. ముందుచక్రములను నేలవిడిచి జాకీపై లేపి, ఇంజను నడుపకయే స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు పలుమాఱులు నెమ్మదిగా త్రిప్పి, బుడగలు పైకి వచ్చుట ఆగినపిమ్మట ఇంజనును నడుపవలెను.

1988లో సుజుకీ సంస్థ జపానులో సెర్వో అను చిన్నకారునందు నూనెయు పంపును లేని విద్యుత్ స్టీరింగును ప్రవేశపెట్టెను. అటుపిమ్మట కార్లలో పంపు క్రమముగా వెనుకబడినది. విధేయత పండ్లచక్రములనుండి, కవాటములనుండి విద్యుత్పరికరముల చేతికి పోయినది. ఇంజను నుండి ఎల్లప్పుడును బలము దొంగిలింపనిదగుటచే అది మితవ్యయి. కాని దాని మెదడు చెడిపోయినచో షెడ్డులో విప్పి చూచుటకేమియు లేదు. పంపు అట్లుగాదు: రాజోలులోనో నరసాపురములోనో సీలు, బేరింగు, బెల్టు సంపాదించి ఒక పూటలో నిలబెట్టుకొనవచ్చును. అందువలన పాతజీపు నుంచుకొన్నవారు విప్పిన బండ్లలోని పంపులకై నేటికిని వెదకుచున్నారు. అట్టి పంపు కొనునపుడు ఇరుసును చేతితో త్రిప్పి చూడవలెను; అది తడబాటు లేక ఒకేతీరుగా తిరుగవలెను, ప్రక్కకు ఊగరాదు; దానితో వచ్చిన పాతహోసును మాత్రము, చూపునకెంత బాగున్నను, అక్కడనే విడిచి రావలెను.