సొంత కప్పు క్రింద పటము

పూర్వము పటమనగా బీరువాలో నుండు వస్తువు. తాలూకా కచేరీలో గుడ్డకు అతికించిన గ్రామపటము, ఇంజనీరుగారి గదిలో కాలువల పటము, అటవీ శాఖవారి రేకుగొట్టములలో చుట్టిపెట్టిన కాగితములు: ఎవరి పటము వారి కడనే యుండెడిది. తాళపుచెవి ఎవరి మొలత్రాటికి వ్రేలాడుచున్నదో అందరును ఎరుగుదురు. 1802వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీన లాంబ్టన్ దొర మదరాసు చెంత సెయింట్ థామస్ కొండ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలువ నారంభించెను. నాటినుండి ఎండలో వానలో నడచిన కొలతలన్నియు తుదకు కాగితము మీది కెక్కి, ఇట్టి బీరువాలలోనే చేరినవి. చూడదలచిన వారు గుమాస్తాను బ్రతిమాలుకొనవలసి వచ్చెడిది. అది వేరే బాధ.

ఆ పటము కంప్యూటరు తెరమీదికి వచ్చిన తరువాత ఎవరి యింట నున్నదను ప్రశ్నకు సమాధానము తారుమారైనది. చూచుచున్నది మన బల్లమీదనే. పటము మాత్రము సముద్రముల కావల మరియొకరి యంత్రములో నున్నది. రేడియో గల గృహస్థులకు ఈ సంగతి సులభముగా బోధపడగలదు. ప్రసార కేంద్రము మూసివేసిన పిమ్మట మన పెట్టె ఎంత ఖరీదైనదైనను మూగదే కదా. అట్టి పటమును తిరిగి తమ కప్పు క్రిందికి తెచ్చుకొనుటకు కొన్ని సంస్థలు చేసిన యత్నముల చరిత్రను ఇచ్చట కొంత ముచ్చటింతుము.

1993వ సంవత్సరము జూన్ నెలలో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున జిరాక్స్ వారి పరిశోధనాలయములో స్టీవ్ పుట్జ్ అను నాతడు ఒక పటదర్శినిని వెబ్బుపై నుంచెను. చూపరి పటముపై ఒకచోట నొక్కినచో, ఆ కోరిక తీగలవెంట పోయి యంత్రమును చేరును. యంత్రము మొదటినుండి క్రొత్త బొమ్మ గీసి పంపును. ప్రతి నొక్కుకును ఒక బొమ్మ. నేడది నత్తనడకగా తోచును గాని, కోరుట, గీయుట, పంపుట అను మూడు పనులును అందులోనే యున్నవి. తరువాత వచ్చిన వారెవరును ఆ మూడింటిని దాటి పోలేదని మా అభిప్రాయము.

ఆ గీయు యంత్రమును ఎవరైనను తమ కార్యాలయముననే నిలుపుకొనవచ్చునని చూపినవారు మిన్నెసోటా వారు. అది సరస్సులకు, అడవులకు పేరుపొందిన అమెరికా రాష్ట్రము. అచ్చటి విశ్వవిద్యాలయము, రాష్ట్రపు సహజవనరుల శాఖ, నాసా సంస్థ కలసి చేసిన కృషి ఫలితముగా, స్టీవ్ లైమ్ అను నతని పూనికతో, 1990 దశకమున మ్యాప్‌సర్వర్ అను ప్రోగ్రాము రూపొందెను. దశకాంతమునకు దాని మూలపాఠమును లోకమునకు ఉచితముగా విడిచిపెట్టిరి. అంతకుముందే, 1982 నుండి, అమెరికా సైన్యపు నిర్మాణ పరిశోధనాలయము వారు తమ భూముల పాలనకై గ్రాస్ అను ప్రోగ్రామును వ్రాసికొనిరి. అదియు కాలక్రమమున అందరి సొత్తైనది. సైన్యమువారు వ్రాసికొన్నది సామాన్యుల చేతికి వచ్చుట చరిత్రలో తరచుగా జరుగు సంగతి కాదు.

2001వ సంవత్సరము ఈ కథలో మంచి పంటయేడు. కెనడాలోని విక్టోరియా నగరమున రిఫ్రాక్షన్స్ అను చిన్న సంస్థ పోస్ట్‌జిఐఎస్‌ను వెలువరించెను. సామాన్యమైన పట్టికల గిడ్డంగిలో ఊళ్లు, దారులు, చెరువుల హద్దులు దాచుకొనుటకును, ఈ బావికి రెండు మైళ్లలో నున్న పాఠశాలలేవి అని యడుగుటకును వీలు కల్పించినది అదియే. అదే యేట న్యూయార్కులో జియోసర్వర్ పుట్టెను. దానిని తలపెట్టినవారి యుద్దేశము వర్తకము గాదు. నగర నిర్మాణపు ఆలోచనలలో పౌరులకును పాలు ఉండవలెనన్నచో, ప్రభుత్వము చేతిలోని పటములు పౌరుల కంటపడవలెనని వారు తలచిరి. అంతకు ముందటి యేట, అనగా 2000లో, ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియము వారు పటమును కోరు పద్ధతికి ఒక ఉమ్మడి మర్యాదను ఏర్పరచి యుండిరి. దానివలన ఒకరి యంత్రము మరియొకరి యంత్రముతో భాషాభేదము లేక మాటలాడగలిగెను.

గాదె సిద్ధమైనది, వంటిల్లు సిద్ధమైనది. ధాన్యము మాటయేమి? ఇంగ్లండులో ప్రభుత్వ సర్వే శాఖవారి పటములకు రుసుము చెల్లింపవలసి యుండుటచే విసిగి, 2004లో లండనులో స్టీవ్ కోస్ట్ అను యువకుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ప్రారంభించెను. జనులే తమ వీధులను కొలిచి వ్రాయుదురు. వ్రాసినది అందరిదిగా నుండును. ఇది సాగునా యని శంకించినవారు చాలమంది. 2010 జనవరి 12న హైతీ దేశమున భూకంపము వచ్చినపుడు, ఎచ్చటెచ్చటి స్వచ్ఛంద సేవకులో ఉపగ్రహ చిత్రములు చూచి రాజధాని వీధులను కొలదిదినములలో గీసి యిచ్చిరి. రక్షక బృందములవారు ఆ పటమును చేతియంత్రములలోనికి ఎక్కించుకొని శిథిలముల మధ్య తిరిగిరి. తీగలు తెగి, స్తంభములు కూలినచోట పనికివచ్చినది జేబులో నున్న పటమే.

ఇంతలో 2005 ఫిబ్రవరిలో గూగుల్ వారి పటము వచ్చి లోకమును ముంచెత్తెను. పటమును చిన్న చదరపు పలకలుగా కోసి ముందుగానే సిద్ధపరచి యుంచుట, వ్రేలితో లాగినకొలది ప్రక్క పలకలు వచ్చి చేరుట అను నేర్పు దానివలననే జనసామాన్యమునకు పరిచితమైనది. దానిని మేము నిందింపము. మేమును దానితోనే దారులు వెదకుకొంటిమి. కాని అనేక కార్యాలయములవారు తమ బీరువాలు ఖాళీచేసి, ఆ పటముపైననే తమ చుక్కలు పెట్టుకొనిరి. 2018లో ఆ సంస్థ తన ధరలను మార్చెను. అంతవరకు దినమునకు 25 వేల పర్యాయములు రుసుము లేక చూపుకొనగలిగినవారికి, ఆపై సుమారు నెలకు 28 వేలు మాత్రమే మిగిలెను. అంగడివానికి తన సరకు ధర మార్చుకొను స్వేచ్ఛ కలదు. ఆ అంగడి తప్ప వేరు దారి తెలియని వారి పాట్లు మాత్రము చూడవలసినవే.

ధరకంటె లోతైన విషయ మింకొకటి యున్నది. పలకను కోరునపుడు అది ఏ పలకయో సంఖ్యలతో చెప్పవలెను గదా. ఒక వైద్యశాలవారు అంటురోగుల యిండ్లున్న వీధులనే మాటిమాటికి తెరచి చూచినచో, వారెచ్చట చూచుచున్నారో పటము పంపువానికి తెలియకపోదు. ఎవరి పేరును చెప్పనక్కరలేదు. చూచిన చోటే చెప్పును.

కనుక కొందరు సొంతముగా నిలుపుకొనిరి. ఇందులో ఒక గణితము కలదు. అతి దూరమునుండి చూచినచో భూగోళమంతయు ఒక్క పలక. ఒక మెట్టు దిగినచో 4, మరియొక మెట్టు దిగినచో 16. ఇట్లు 18వ మెట్టునకు చేరునప్పటికి 6,871 కోట్లకు పైబడిన పలకలు! అన్నిటిని ముందే వండి పెట్టుకొను శక్తి చిన్న కార్యాలయమునకు లేదు, అక్కరయు లేదు. అందు అధికభాగము ఉత్త సముద్రమే. అడిగిన పలకను అప్పుడే గీసి, మరల అడుగుదురేమోనని ఒక నకలు అటకమీద నుంచుకొందురు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి సొంత పలకల యంత్రములు దాతల విరాళములతో నడచునవి; వానిపై పెద్ద సంస్థలు బరువు మోపరాదని వారి నియమము. ధాన్యము ఎంతైనను కొలిచి యిత్తురు, వంట మీరే చేసికొనుడని దాని భావము.

మన దేశమున 2009 ఆగస్టు 12న ఇస్రో వారు భువన్ అను పటద్వారమును తెరచిరి. దానిని నిర్వహించు జాతీయ దూరసంవేదన కేంద్రము మన హైదరాబాదులోని బాలానగరుననే యున్నది. ఉపగ్రహముల సంకేతములను అందుకొను ఆకాశపాత్రలు షాద్‌నగరమున నున్నవి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము పటములు గీయుటపై నున్న అనుమతుల చిక్కులను పెక్కింటిని తొలగించెను. అయితే ఒక మీటరుకంటె సూక్ష్మమైన కొలతలు గల పటసామగ్రిని మన దేశములోనే నిలువచేసి, ఇచ్చటనే వాడుకొనవలెనని నిబంధించెను. బీరువా ఎచ్చట నుండవలెనను పాత ప్రశ్న మరల రాజపత్రము కెక్కినదన్నమాట.

మేమును ఒక కార్యాలయమున బోరుబావుల పటమునకై ఇట్టి యంత్రమును నిలిపిన వారమే. పోస్ట్‌జిఐఎస్ గాదెగా, జియోసర్వర్ వంటిల్లుగా, ఓపెన్‌లేయర్స్ వడ్డనకై కూర్చుకొని, మూడు దినములు శ్రమపడి, పెద్దలను పిలిచి తెర చూపితిమి. ఒక్క బావియు కనబడలేదు! పటమును వెనుకకు లాగి లాగి చూడగా, మా బావులన్నియు ఉత్తర ధ్రువమునకు చేరువను, స్వాల్‌బార్డ్ దీవుల మంచులో పడియున్నవి. ఆ ఉమ్మడి మర్యాద యొక్క పాత సంచికలో రేఖాంశము ముందు, అక్షాంశము తరువాత, 1.3.0 సంచికలో ఆ వరుస తలక్రిందులైనది. మేము దానిని గమనింపలేదు. 17 డిగ్రీల ఉత్తరము, 78 డిగ్రీల తూర్పునకు బదులు 78 ఉత్తరము, 17 తూర్పు అయినది. పెద్దలలో ఒకరు, "అచ్చట నీరు బాగుగానే పడునండీ" అనిరి.

వరుస సరిచేయుటకు అరగంట పట్టెను. అటుపిమ్మట యంత్రమంతటికి నకలు వ్రాయించి, ఆ డిస్కును కార్యాలయపు బీరువాలో నుంచి, తాళము గుమాస్తాగారి కిచ్చితిమి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌నుండి క్రొత్త వీధులను నెలకొకసారి దించుకొనవలెనని ఏర్పాటు. ఈ నెల వంతు ఇంకను కాలేదు.