క్లాండైక్ దారిలో కుక్కలు

క్లాండైక్ బంగారం గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ కుక్కల దగ్గరే ఆగిపోతుంది. 1896 ఆగస్టులో కెనడాలోని యూకాన్‌లో, ఈ క్లాండైక్ ప్రాంతంలో, బంగారం బయటపడింది. మరుసటి ఏడాది నుంచి సుమారు లక్షమంది అటు బయల్దేరారు. ఒక్కొక్కరూ ఏడాదికి సరిపడా సామాను, దాదాపు టన్ను బరువు, వెంట తీసుకుపోవాలి. వైట్ పాస్ కొండదారిలో సుమారు 3,000 గుర్రాలు చచ్చిపోయాయి. చలికాలంలో ఆ బరువు కుక్కల మీద పడింది. దక్షిణాన ఉన్న అమెరికా ఊళ్లలో ముద్దుగా పెరిగిన సెయింట్ బెర్నార్డ్‌లనూ కోలీలనూ ఓడలెక్కించారు.

అక్కడి హస్కీ జాతి కుక్కకి రెండు పొరల బొచ్చు. మంచులో గుంట తవ్వుకుని, ముడుచుకుని, తోకతో ముక్కు కప్పుకుని నిద్రపోతుంది. ఇంటి కుక్కకి ఇదంతా కొత్త. ఎండు సాల్మన్ చేప తిని రోజంతా మంచు మీద స్లెడ్జి బండి లాగాలి. వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టి పాదాలు చిట్లి నెత్తురు కారేది. దయగల యజమానులు తోలు తొడుగులు కట్టేవారు.

1897లో అక్కడి డాసన్ ఊళ్లో, బంగారం కోసం వచ్చిన బాండ్ సోదరుల దగ్గర జాక్ అనే కుక్క ఉండేది, సెయింట్ బెర్నార్డ్‌కీ కోలీకీ పుట్టింది. జాక్ లండన్ 1903 నవల ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’లోని బక్‌కి మూలం అదే. ఆ నవల చదివేవారు బక్ వెనక పేరు లేకుండా పోయిన వేల కుక్కల్ని కూడా తలుచుకోండి. ఆ బంగారంలో వాటి కష్టమూ ఉంది.