డిచ్‌పల్లి ఆసుపత్రి – కానుకల వెనుక కథ



కోతలు ముగిసి కళ్ళాలు ఖాళీ అయ్యే రోజుల్లో మన సంఘాలలో ఒక మాట తప్పక వినబడుతుంది. ఈసారి కోత పండుగ ఎలా చేద్దాం? ఎవరిని పిలుద్దాం? ఎంత వస్తుంది? నిజామాబాదులో గాని, బోధనులో గాని, ఆ చుట్టుప్రక్కల పల్లెలలో గాని మీరు సంఘ కమిటీలో కూర్చున్నవారైతే ఇవి మీకు క్రొత్త కావు. కరపత్రాలు, ఆటోకు కట్టిన మైకు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథికి శాలువా. ఆ తరువాత వేలంపాట. గుమ్మడికాయ, పసుపు కొమ్ములు, చెరకు గడలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు. నేను కూడ అలాంటి కమిటీలలో చాలా ఏళ్ళు కూర్చున్నాను. అందుచేత ఈ దినము మీకు ఒక చరిత్ర చెప్పాలని ఉంది. అది మనకు దగ్గరలోనే, డిచ్‌పల్లిలో మొదలవుతుంది.

స్కాట్లండు దేశస్థురాలైన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ దొరగారు 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలుగా హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. ఆ రోజులలో కుష్ఠువ్యాధి సోకినదంటే ఇల్లు పోయినట్టే, ఊరు పోయినట్టే. భార్య బిడ్డలు ఉన్నా లేనట్టే. అట్టివారి కొరకు ఆమె 1911లో నిజామాబాదులో ఒక వైద్యకేంద్రము ప్రారంభించింది. వచ్చేవారు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడు అనే హిందూ దాత పెద్ద మొత్తము విరాళమిచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరువబడింది. విక్టోరియా ఆసుపత్రి అని మన పెద్దలు చెప్పుకునేది దానినే.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదాము. మిషను ఆసుపత్రి అనగానే డబ్బంతా సముద్రము అవతలి నుండి వచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. డిచ్‌పల్లి నిలబడడానికి ఆధారమైన ఆ పెద్ద కానుక ఈ దేశపు మనిషిది, క్రైస్తవేతరునిది. మన పండుగల కరపత్రాలు చర్చి గోడలు దాటి బయటికి పోవడము లేదే అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

అయితే కట్టడానికి ఒకసారి డబ్బు చాలును. తిండికి చాలదు. ఆ కాలములో వాడిన మందు హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనె. కలకత్తాలో సర్ లెనార్డ్ రోజర్స్ చేసిన పరిశోధనల తరువాత దానిని సూదిమందుగా ఇవ్వసాగారు. ఆ సూది బాగా నొప్పి పెట్టేది. నెలలు, ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేది. అన్ని రోజులూ రోగి అక్కడే ఉండాలి. ఉంటే బియ్యము కావాలి, బట్ట కావాలి, కట్టు కట్టే గుడ్డ కావాలి. ఆమె 1932లో చనిపోయేవరకు ఈ పనిలోనే ఉంది. 1923లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. పతకము మంచిదే గాని, రేపటి బియ్యము దానితో రాదు కదా!

ఈ రేపటి బియ్యము సంగతిని డిచ్‌పల్లి కంటే 40 ఏళ్ళ ముందే ఆలోచించినవారు ఐర్లండులో ఉన్నారు. వెల్లెస్లీ బెయిలీ అనే ఐర్లండు యువకుడు 1869లో పంజాబులోని అంబాలాలో కుష్ఠురోగులను కళ్ళారా చూశాడు. 1874లో డబ్లిన్ నగరానికి తిరిగి వెళ్ళినప్పుడు పిమ్ అనే కుటుంబపు అక్కచెల్లెళ్ళు ఆయన చెప్పినది విని, ఏటా 30 పౌండ్లు పోగుచేసి పంపుతామని మాట ఇచ్చారు. చదువరీ, ‘ఏటా’ అన్న మాట గమనించండి. బెయిలీ ప్రసంగాలను చిన్న పుస్తకముగా అచ్చువేసి పంచారు. మొదటి సంవత్సరములోనే అనుకున్నదానికి ఎన్నో రెట్లు వచ్చింది. మిషన్ టు లెపర్స్ అనే సంస్థ అలా పుట్టింది.

రెండవ కథ అమెరికాలోనిది, పిల్లలకు బాగా నచ్చుతుంది. 1913లో కాన్సాస్ రాష్ట్రములోని వైట్ క్లౌడ్ అనే చిన్న ఊరిలో విల్బర్ చాప్‌మన్ అనే పిల్లవాడు ఉండేవాడు. ఆ సంస్థ అమెరికా కార్యదర్శి విలియం డానర్ వారింటికి వచ్చి, వెళ్ళేటప్పుడు అతని చేతిలో 3 వెండి డాలర్లు పెట్టాడు. వాడు మిఠాయి కొనలేదు, ఒక పంది పిల్లను కొన్నాడు. పీట్ అని పేరు పెట్టి, మేపి, బలిసిన తరువాత 25 డాలర్లకు అమ్మి ఆ సొమ్ము పంపాడు. ఎందుకు 25? ఒక రోగిని ఒక సంవత్సరము పోషించడానికి అప్పట్లో చెప్పిన లెక్క అది. ఆ తరువాత పంది ఆకారపు డబ్బు డబ్బాలు అమెరికాలోని సండేస్కూళ్ళకు ప్రాకాయి. (పంది డబ్బాలన్నీ ఈ పిల్లవాడితోనే పుట్టాయని కొందరు చెబుతారు. అది నిజము కాదు. జావా ద్వీపములో వందల ఏళ్ళ క్రితమే మట్టితో చేసిన పంది హుండీలు ఉండేవి.) “కుష్ఠురోగులకు సహాయము చేయండి” అంటే చేయి జేబులోనికి పోదు. “25 డాలర్లు, ఒక మనిషి, ఒక సంవత్సరము” అంటే పోతుంది. మన వేలంలో కోడిపుంజును ఎత్తి పట్టుకొని ఇది ఎవరి భోజనానికో, ఎన్ని రోజులకో ఎన్నిసార్లు చెప్పాము?

మన బోధను ప్రాంతానికి మరొక లెక్క ఉండేది. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివరలో వచ్చినది మొదలు, 2015 డిసెంబరులో మూతపడేవరకు, చెరకు రైతు చేతిలో డబ్బు ఆడేది చెరకు బిల్లు వచ్చినప్పుడే. క్రషింగ్ మధ్యలో సభ పెడితే బండ్లు తోలేవాడు రాడు, కోసేవాడూ రాడు. “బిల్లు వచ్చినాక ఇస్తా, రాసుకోండి” అంటాడు. తెలివిగల కమిటీలు ముందు ఫ్యాక్టరీని చూసి, ఆ తరువాతే క్యాలెండరు చూసేవి.

ఇప్పుడు నాకు చెప్పడానికి కష్టమైన సంగతి. డబ్బు కొరకు చేసిన ప్రచారము ఆ మనుష్యులకు ఏమి చేసింది? ఆ రోజులలో మిషనరీలు స్వదేశపు చర్చిలలో మ్యాజిక్ లాంతరుతో బొమ్మలు చూపేవారు. వ్రేళ్ళు లేని చేతులు, అణిగిన ముక్కులు. జనము ఏడ్చారు, డబ్బు ఇచ్చారు, దానితో పాటు భయము కూడ ఇంటికి తీసికొని పోయారు. ఆ సంస్థ తన పేరులోని ‘లెపర్స్’ అనే మాటను 1965లో తీసివేసి లెప్రసీ మిషన్ అయింది. రోగి పేరుకు బదులు రోగము పేరు పెట్టుకోవడానికి 91 ఏళ్ళు పట్టింది. ఫ్రాన్సు దేశస్థుడు రౌల్ ఫొల్లెరో 1954లో ప్రపంచ కుష్ఠువ్యాధి దినము మొదలుపెట్టినప్పుడు డబ్బు మాత్రమే అడగలేదు. వెళ్ళి వారి చేయి పట్టుకొనుడి అని అడిగాడు. మన దేశములో దానిని గాంధీగారు మరణించిన జనవరి 30న జరుపుతారు. సేవాగ్రామంలో పర్చూరె శాస్త్రి అనే కుష్ఠురోగి పుండ్లను గాంధీగారు స్వయముగా కడిగారు కదా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత ఈ వ్యాధి 6 నెలలలో, లేదా 12 నెలలలో నయమవుతున్నది. మన దేశములో ఇప్పటికీ ఏటా లక్ష వరకు క్రొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. కాని మందు ఉచితము. ఈ వ్యాధిని విడాకులకు కారణముగా చూపే వీలును చట్టము నుండి తొలగించినది 2019లో మాత్రమే. మందు దొరికిన 38 ఏళ్ళకు!

ఒకసారి మా సంఘ సహాయ నిధి సభకు, ఎప్పుడో నయమైన ఒక పెద్దాయనను వేదిక మీద కూర్చోబెట్టాము. ఆ ఆలోచన నాదే. ఉపన్యాసము మధ్యలో చేతులు చూపించమని అడిగాను. ఆయన తువ్వాలు తీసి చూపించాడు. ఆ రోజు కవర్లు బాగా నిండాయి. సభ అయ్యాక, మేము కుర్చీలు సర్దుతుంటే ఆయన దగ్గరకు వచ్చి, “నా చేతులు జూపిస్తే ఎన్ని పైసలొచ్చినయ్ అయ్యగారూ?” అని అడిగాడు. వెక్కిరింపు కాదు, తెలిసికొనాలనే అడిగాడు. లెక్క ఇంకా కాలేదని చెప్పాను. లెక్క అయిన తరువాత కూడ ఆయనకు చెప్పినవారు లేరు.

యోవాషు రాజు కాలములో మందిరపు పెట్టెకు మూత మీద బెజ్జము పెట్టి, రాజు లేఖికుడు ఒకడు, ప్రధానయాజకుడు ఒకడు ఇద్దరూ కలిసి సొమ్ము లెక్కించేవారని రెండవ రాజుల గ్రంథములో చదువుతాము. పౌలు కూడ యెరూషలేము కానుకను తాను ఒక్కడే మోయక, ఎవరూ తప్పుపట్టకుండ ఇతరులను తోడు పంపాడు. ఇవన్నీ నాకు తెలుసు. ప్రసంగాలలో చెప్పాను కూడ.

మరుసటి ఏడు కోత పండుగకు ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మా వేయలేదు. ఒక బియ్యపు బస్తా బొమ్మ వేసి, దాని ధర వ్రాశాము. వేలం మొదలుపెట్టక ముందు పోయిన ఏటి లెక్క, వచ్చినది, ఖర్చయినది, మిగిలినది, మైకులో చదివించాము. చదువుతున్నప్పుడు నా గొంతు కొంచెము వణికింది. గుమ్మడికాయ పాట 200 దగ్గర ఆగిపోయింది. ఒకటోసారి, రెండోసారి అన్నారు. వెనుక వరుసలో నుండి “రెండువందల పది” అని ఒక గొంతు వినబడింది. ఆ పెద్దాయనే. అందరికీ కనబడేట్టు చెయ్యి పైకెత్తి పాడుతున్నాడు.