మడమ నుంచి వెన్ను దాకా

పోలియో సోకిన కాలు చచ్చుబడుతుంది. సెరిబ్రల్ పాల్సీ బిడ్డ కాలిది అందుకు తలకిందులు: మెదడు అదుపు సరిగా అందక కండరం బిగుసుకుంటుంది, మడమ నేలకానదు. ఆ బిగువును కత్తితో ఎక్కడ పట్టుకోవాలన్నదే దాదాపు రెండు శతాబ్దాల వెతుకులాట.

మొదట పట్టుకున్నది మడమనే. లండన్ వైద్యుడు విలియం లిటిల్‌ది స్వయంగా వంకర పాదం. 1836లో జర్మనీలో స్ట్రోమెయర్ చిన్న గాటుతో మడమ టెండన్ కోసి దాన్ని సరిచేశాడు. లిటిల్ ఆ విద్యను లండన్‌కు తెచ్చాడు. కష్టకాన్పుకూ పిల్లల బిగువుకూ ఉన్న లంకెను 1861లో వివరించాడు. అయితే టెండన్ కోస్తే మడమ ఆనుతుంది గానీ బిగువు పోదు. కోత మోతాదు మించితే మోకాళ్లు వంగిపోయి, బిడ్డ సగం గొంతుక్కూర్చున్నట్టు నడుస్తాడు.

బిగువును సడలించే దారి వెన్నులో దొరికింది. స్పర్శను వెన్నుపాములోకి మోసే నరాల వేళ్లను కోస్తే బిగువు సడలుతుందని 1898లో షెరింగ్టన్ పిల్లుల్లో చూపాడు. 1908లో ఫోర్‌స్టర్ మనుషులకు చేశాడు. స్పర్శ పోతుందన్న భయంతో ఆ ఆపరేషన్ దశాబ్దాలు మూలపడింది. 1970లలో ఇటలీలో ఫసానో వేళ్లను పాయలుగా విడదీసి, కరెంటుతో పరీక్షించి, అతిగా స్పందించినవే కోశాడు. 1980ల మొదట్లో కేప్‌టౌన్‌లో పీకాక్ ఆ కోతను నడుం దిగువకు దించి మరింత భద్రం చేశాడు. 1984లో పెన్, క్రోయిన్ బాక్లోఫెన్ మందును నేరుగా వెన్ను ద్రవంలోకి ఇచ్చారు; తర్వాత దాన్ని పంపుతో ఇవ్వసాగారు. ఇందులో కోసే నరమంటూ లేదు, మోతాదూ మార్చుకోవచ్చు. ఖర్చు మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు.

కాళ్లకు ఏడాదికో ఆపరేషన్ చేస్తే పిల్లల పుట్టినరోజులన్నీ ఆసుపత్రిలోనే అని కెనడా సర్జన్ మెర్సర్ రాంగ్ ఎద్దేవా చేశాడు. ఇప్పుడు వీలైనంతవరకు తుంటి, మోకాలు, మడమ పనులన్నీ ఒకే విడతలో ముగిస్తున్నారు.

మన సీమకు దగ్గరి పెద్ద దిక్కు తిరుపతిలో టీటీడీ 1985లో పెట్టిన బర్డ్ ఆసుపత్రి. అప్పట్లో పోలియో కాళ్లే పెద్ద పని. దేశం పోలియో రహితమైనట్టు 2014 మార్చిలో ధ్రువీకరించారు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. పోలియోలో చెయ్యి తిరిగిన సర్జన్ ఇక్కడ కోత మించకుండా చెయ్యి బిగబట్టుకోవాలి, అదే అసలు కష్టం.

నరాల వేళ్ల ఆపరేషన్ అందరికీ పనికిరాదు. తగినవారికి సాధారణంగా పదేళ్లలోపే చేస్తారు, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ తప్పదు. చిలమకూరు, ప్రొద్దుటూరు, పులివెందుల తల్లిదండ్రులారా, బిడ్డ కాళ్లు బిగుసుకుంటుంటే పెద్దయ్యాక చూద్దామని ఆగకండి. ఎర్రగుంట్లలో తిరుపతి రైలెక్కండి. బిగువు తుంటినీ పట్టొచ్చు గనుక, తుంటి ఎక్స్‌రే తీయమని డాక్టరును మీరే అడగండి.