లక్ష డాలర్ల ఉత్తరం

1904 అక్టోబరు 26, బుధవారం. వైట్‌హౌస్‌కు పడమటి వైపు రెండేళ్ల కిందట కట్టిన కొత్త ఆఫీసులో మీరు ఓ మూల నిలబడి ఉన్నారు. ఎన్నికలకు ఇంకా 13 రోజులే. థియొడోర్ రూజ్‌వెల్ట్ కుదురుగా కూర్చుని ఉత్తరాలు రాయించే మనిషి కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, పళ్లు బిగించి ఒక్కో మాటా విసురుతున్నాడు. స్టెనో పెన్సిలు ఆయన వెంటపడి పరిగెడుతోంది. తెల్లారితే ఆయనకు 46 నిండుతాయి.

ఉత్తరం రిపబ్లికన్ జాతీయ కమిటీ అధ్యక్షుడు జార్జ్ కార్టెల్యూకి. స్టాండర్డ్ ఆయిల్ వాళ్లు మన ఎన్నికల నిధికి లక్ష డాలర్లు ఇచ్చారని ఇప్పుడే విన్నాను, అబద్ధమైనా కావచ్చు, నిజమైతే మాత్రం వెంటనే తిప్పి పంపించండి. సారాంశం ఇదే. వింటున్న మీకు ఒక అనుమానం వస్తుంది: ఇది డబ్బు వెనక్కి పంపడానికా, రేపెవరైనా అడిగితే చూపించడానికా? కార్టెల్యూ కూడా ఒకప్పుడు స్టెనోగా పనిచేసినవాడే. ఏ కాగితానికి కాపీ ఎందుకు దాస్తారో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయిందని, అంతకుముందు అటార్నీ జనరల్‌గా చేసిన నాక్స్ అంటే, అయితేనేం, రికార్డులో ఉత్తరం బాగుంటుందని రూజ్‌వెల్ట్ జవాబిచ్చాడని తర్వాత వాషింగ్టన్‌లో ఓ కథ తిరిగింది. చెప్పుకున్న మాటే, సాక్ష్యం కాదు. కానీ కొట్టిపారేయడం కష్టం.

ఈ తొందరంతా న్యూయార్కు పత్రికల వల్ల. అక్టోబరు 1న పులిట్జర్ తన ‘వరల్డ్’లో కార్టెల్యూని వరసబెట్టి అడిగాడు: మాంసం ట్రస్టు నీకెంత ఇచ్చింది? చక్కెర ట్రస్టు? చమురు? బొగ్గు? ఉక్కు? కార్టెల్యూ నిన్నమొన్నటి దాకా వాణిజ్య శాఖ మంత్రి. కంపెనీల గుట్లు తవ్వే బ్యూరో ఆయన చేతికిందే ఉండేది. గుట్టు తెలిసినవాడు జోలె పట్టుకుని గుమ్మంలోకొస్తే చందా లేదనే ధైర్యం ఎవరికుంటుంది? డెమొక్రాట్ అభ్యర్థి జడ్జి ఆల్టన్ పార్కర్ సభల్లో ఇదే అందుకున్నాడు.

నవంబరు 4 రాత్రి వైట్‌హౌస్ ప్రకటన వచ్చింది. విలేకరి భుజం మీదుగా చదవండి. పచ్చి అబద్ధం, దుర్మార్గమైన అబద్ధం అంటూ అక్షరాలు నిప్పులు కక్కుతున్నాయి. నిదానంగా రెండోసారి చదవండి. కంపెనీలు డబ్బివ్వలేదని ఎక్కడా లేదు! ఇచ్చారా లేదా అన్నది అసలు విషయమే కాదట. బెదిరించి వసూలు చేశామనడం, ప్రతిఫలం మాటిచ్చామనడం అబద్ధమట. పార్కర్ గట్టిగా అరిచిన ముక్కను పట్టుకుని, నిజమైన ముక్కను రూజ్‌వెల్ట్ పక్కకు నెట్టేశాడు. నేర్పరితనమంటే అదీ. నాకైతే ఆ నేర్పు మీద గౌరవం కన్నా జంకే ఎక్కువ.

గెలుపు సంగతి చెప్పేదేముంది, ఎలక్టోరల్ ఓట్లు 336, పార్కర్‌కు 140. మరుసటి ఏడాదే బీమా కంపెనీల విచారణలో, పాలసీదారుల సొమ్ములోంచి న్యూయార్క్ లైఫ్ 48 వేల డాలర్ల పైచిలుకు రిపబ్లికన్ నిధికి ఇచ్చినట్టు బయటపడింది. 1907 జనవరిలో, జాతీయ ఎన్నికలకు కార్పొరేషన్లు డబ్బివ్వడాన్ని నిషేధించే టిల్‌మన్ చట్టం మీద సంతకం చేసింది రూజ్‌వెల్టే.

ఇప్పుడు 1912 అక్టోబరు 4కి రండి. ఎన్నికల చందాలపై విచారిస్తున్న సెనేట్ కమిటీ ముందు రూజ్‌వెల్ట్ కూర్చున్నాడు, ఈసారి మూడో పార్టీ అభ్యర్థిగా. ఆగస్టులో స్టాండర్డ్ ఆయిల్ పెద్ద జాన్ ఆర్చ్‌బోల్డ్ ఇక్కడికే వచ్చి, లక్ష డాలర్లు ఇచ్చిన మాట నిజమేనన్నాడు. రూజ్‌వెల్ట్‌కు సమ్మతమైతేనే ఇస్తామంటే, ఆ బెంగ అక్కర్లేదని పార్టీ కోశాధికారి కొర్నీలియస్ బ్లిస్ నవ్వాడట. రూజ్‌వెల్ట్ తన పాత ఉత్తరాలు చూపించాడు: తిప్పి పంపమన్నాను, ఆ డబ్బు తీసుకోలేదని మావాళ్లు చెప్పారు, నమ్మాను. ఇద్దరి మాటల్లో ఏది నిజమో తేల్చగలిగినవాడు బ్లిస్ ఒక్కడే. ఆయన అంతకు ముందు ఏడాదే పోయాడు.