ఆరె నుంచి వాకింగ్ ఫుట్ దాకా: తోలు కుట్టే మిషన్ల చరిత్ర

కుట్టుమిషనుకు తెలిసినంతలో మొదటి పూర్తి నమూనా తోలు కోసం గీసినదే. లండన్‌లో బల్లలు, బీరువాలు చేసే థామస్ సెయింట్ 1790లో దానికి పేటెంటు తీసుకున్నాడు. బూట్లు, చెప్పులు కుట్టడం దాని ఉద్దేశం. అందులో ముందు ఆరె దిగి తోలుకు బెజ్జం పెడుతుంది. వెనకే చివర గాడి ఉన్న సూది దారాన్ని ఆ బెజ్జంలోంచి కిందికి తోసి గొలుసు కుట్టు వేస్తుంది. చెప్పులు కుట్టేవారు చేత్తో బెజ్జం పెట్టి కుట్టే వరుసనే సెయింట్ యంత్రంలోకి దించాడన్నమాట. అదే పేటెంటులో జిగుర్లు, వార్నిష్‌ల సంగతి కూడా ఉండటంతో అది ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 1874లో న్యూటన్ విల్సన్ అనే కుట్టుమిషన్ల తయారీదారు దాన్ని వెలికితీసి, కొన్ని సవరణలతో నమూనా యంత్రాన్ని కట్టాడు.

తోలుకు వేరే మిషను ఎందుకంటే దాని స్వభావం వేరు. గుడ్డలో సూది పోగుల మధ్య సందు చేసుకుని వెళ్తుంది, సూది పైకి రాగానే పోగులు మళ్లీ దగ్గరవుతాయి. తోలులో పడిన బెజ్జం పూడదు. కుట్టు తప్పితే విప్పి సరిచేసినా మచ్చ మిగులుతుంది. బెజ్జాలు మరీ దగ్గరగా పడితే ఆ గీత వెంబడే తోలు చిరుగుతుంది. అందుకే తోలుకు వాడే సూదికి కోసే మొన ఉంటుంది, కుట్టు కూడా పొడుగ్గా వేస్తారు.

1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషన్లో దారం బెజ్జం సూది మొన దగ్గరే ఉంది. అవతలి వైపు నాడె అటూఇటూ కదిలి రెండో దారాన్ని సూది దారంతో ముడివేస్తుంది. ఈ లాక్‌స్టిచ్‌లో రెండు దారాలూ తోలు మందం నడుమ కలుసుకుంటాయి. 1851లో ఐజాక్ సింగర్ నిలువుగా దిగే సూది, బట్టను అదిమిపట్టే పాదం ఉన్న మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. చెప్పుల తయారీకి పేరుపడ్డ మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో 1850లలోనే ఇలాంటి మిషన్లతో బూటు పైభాగం కుట్టడం మొదలైంది. అంతకుముందు ఆ పని ఆడవాళ్లు ఇళ్లలో చేసేవారు. మిషన్లతో అది క్రమంగా కర్మాగారాలకు మళ్లింది. 1860 ఫిబ్రవరిలో కూలి పెంచాలంటూ లిన్‌లో వేలాదిమంది చెప్పుల కార్మికులు సమ్మెకు దిగారు.

పైభాగం కుట్టినా అడుగు కుట్టడం చేతిపనిగానే మిగిలింది. బూటు లోపలికి సూది వెళ్లడమే చిక్కు. లైమన్ బ్లేక్ 1858లో పేటెంటు పొందిన యంత్రంలో బూటును కొమ్ములాంటి ఇనుప చేతికి తొడిగి, లోపలి అట్టనూ బయటి అడుగునూ కలిపి కుట్టేవారు. ఆ హక్కులు కొన్న గోర్డన్ మెకే యంత్రాలను అమ్మడానికి బదులు అద్దెకిచ్చి, కుట్టిన జతకింతని రుసుము తీసుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు బూట్ల గిరాకీ పెరగడం ఈ యంత్రాలకు కలిసొచ్చింది. తర్వాత చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ అభివృద్ధి చేయించిన యంత్రాలు వంపు సూదితో పైభాగాన్ని ఒక తోలు పట్టీకి కుట్టాయి. అడుగును ఆ పట్టీకి విడిగా కుడతారు కనుక అరిగిన అడుగును విప్పి మార్చే వీలు కలిగింది.

మరమ్మతు పని అవసరం వేరు. తయారైన బూటును మిషను కింద అటూఇటూ తిప్పడం కుదరదు. సింగర్ 29 తరగతి మిషన్లలో బూటు కదలకుండా పాదమే చుట్టూ తిరిగి, ఏ దిక్కుకైనా తోలును లాగుతుంది. సన్నని పొడుగాటి చేయి బూటు ముక్కు దాకా వెళ్తుంది. 29కె అన్న పేరులోని ‘కె’ స్కాట్లండ్‌లోని కిల్‌బోవీ కర్మాగారానికి గుర్తు. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. జర్మనీలో గేయార్గ్ ఫాఫ్ 1862లో చేసిన తొలి మిషను కూడా బూట్ల తోలు కుట్టడానికే.

సంచులు, జీనులు, సీట్ల పనిలో మరో ఇబ్బంది వచ్చింది. మందపాటి పొరలను మిషను కింద తోలును జరిపే పళ్లు మాత్రమే లాగితే పై పొర వెనకబడుతుంది. దీనికి జవాబు వాకింగ్ ఫుట్: పాదం కూడా తోలుతోపాటు అడుగేస్తుంది. కాంపౌండ్ ఫీడ్ ఉన్న మిషన్లలో సూదీ దానితో కదులుతుంది. గుర్రపు సామగ్రి కోసం చేసిన క్యాంప్‌బెల్ మిషన్లో ఆరె, సూది రెండూ ఉన్నాయి. సెయింట్ ఆలోచన అలా మళ్లీ పనికొచ్చింది.

భారతదేశంలో 1860లలో కాన్పూర్‌లో సైన్యం కోసం జీనుల కర్మాగారం వెలిసింది. 1930లలో కలకత్తా దగ్గర బాటా బూట్ల తయారీ మొదలైంది. తోళ్ల ఎగుమతిలో మాత్రం చాలాకాలం పచ్చివీ, సగం పదును చేసినవీ ఎక్కువ. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సారథ్యం వహించిన గుంటూరు జిల్లావాసి యలవర్తి నాయుడమ్మ ఈ పరిశ్రమకు శాస్త్రీయ పునాది వేసినవారిలో ముఖ్యుడు. 1970లలో పచ్చి తోళ్ల ఎగుమతికి కళ్లెం వేసి, తయారైన సరుకును ప్రోత్సహించడంతో బూట్లు, సంచులు కుట్టే కర్మాగారాలు పెరిగాయి.

నేటి కొనుగోలుదారు ముందున్నవి ఈ చరిత్ర మిగిల్చిన రకాలే. చదును పనికి ఫ్లాట్ బెడ్, సంచుల వంపులకు సిలిండర్ ఆర్మ్, బూటు పైభాగాలకు పోస్ట్ బెడ్, మరమ్మతుకు ప్యాచర్. ప్యాచర్ మందపాటి బెల్టుల ఉత్పత్తికి చాలదు. జీనులు కుట్టే మిషను పల్చటి పర్సుల తోలును పాడుచేస్తుంది. కాబట్టి మోటారు బలం కన్నా ముందు చూడవలసినవి మూడు: కుట్టే తోలు మందం, వాడే దారం లావు, వస్తువు ఆకారం. ఈ మూడూ తేలాకే మిషను ఎంచుకోవాలి.